వెనక బెంచీలో నోట్‌బుక్ పట్టుకుని కూర్చునే మేడమ్

అనంతపురం జిల్లా నుంచి ఒక అమ్మాయి నాలుగు పేజీల ఉత్తరం రాసింది. పేరు వేయొద్దంది, ఊరి పేరు కూడా వద్దంది, కాబట్టి కల్యాణదుర్గం వైపు అని మాత్రం చెప్పి వదిలేస్తాను. వయసు 25. బీఎస్సీ, బీఈడీ. టెట్‌లో మంచి మార్కులే వచ్చాయి. 2025 మెగా డీఎస్సీలో స్కూల్ అసిస్టెంట్ గణితం రాసింది, రెండు మార్కుల్లో పోయింది. ఇంట్లో కూర్చుని ఏడవడం కంటే నయమని అనంతపురం శివార్లలో ఒక ప్రైవేటు బడిలో ఇంటర్న్ టీచర్‌గా చేరింది. 6, 7, 8 తరగతులకే. జూన్‌లో బడి తెరిచిన రోజు నుంచి ఏప్రిల్‌లో మూసేదాకా ఒక సీనియర్ లెక్కల మేడమ్ కింద పని చేయాలి. రోజూ డైరీ రాయాలి. వారానికి నాలుగు పీరియడ్లు ఈమె పాఠం చెప్తుంటే ఆ మేడమ్ వెనక బెంచీలో నోట్‌బుక్ పట్టుకుని కూర్చుంటుంది. జీతం అనకూడదట, స్టైపెండ్ అనాలట, నెలకు 9,000. అందులో 3,000 ఇంటికి పంపుతుంది, నాయన బోర్ల కోసం చేసిన అప్పుకి నెలనెలా కట్టే వడ్డీ అది.

ఇక అసలు సంగతి. ఆగస్టులో ఒక రోజు ఏడో తరగతి 'ఏ' సెక్షన్‌లో పూర్ణ సంఖ్యల పాఠం. (−3) × (−4) చేయించి, "రెండు మైనస్‌లు కలిస్తే ప్లస్" అని బోర్డు మీద పెద్దగా రాసి చుట్టూ డబ్బా గీసింది. పిల్లల చేత మూడుసార్లు గట్టిగా అనిపించింది. కాసేపటికి (−3) + (−4) ఎంత అని అడిగితే ఒక పిల్లోడు లేచి 7 అన్నాడు. సగం క్లాసు అవునంది. "కాదు, ఇది కూడిక" అంది ఈ అమ్మాయి. "రెండూ మైనస్‌లే కదా మిస్, కలిసినాయి కదా" అన్నాడు వాడు. ఈమెకి మాట తోచలేదు. ఇంతలో వెనక నుంచి మేడమ్ లేచొచ్చి, చేతిలో చాక్‌పీస్ తీసుకుని, మిగిలిన పదిహేను నిమిషాలు తనే చెప్పింది. పీరియడ్ అయ్యాక ఒక పాప దగ్గరికొచ్చి అడిగిందట: "మిస్, మీరు కూడా మా మాదిరే నేర్చుకుంటా ఉన్నారా?"

అప్పట్నుంచి మేడమ్ వెనక కూర్చున్న పీరియడ్‌లో చేతులు వణుకుతున్నాయి, నోరు ఎండిపోతోంది అని రాసింది. "ఆ నోట్‌బుక్‌లో ఏం రాస్తుందో ఇంతవరకూ నాకు చూపలేదు, నేనూ అడగలేదు" అని కూడా రాసింది. ఇంట్లో నాయనేమో "ట్రైనింగ్ అయిపాయ అంటివి గదా, మళ్లా ట్రైనింగ్ ఏంది?" అంటున్నాడు. సంక్రాంతి తర్వాత చేరితే 15,000 ఇస్తామని ఇంకో స్కూలు వాళ్లు కబురు పెట్టారు. స్నేహితురాలు నంద్యాల పోయి కోచింగ్‌లో చేరదాం రా అంటోంది. మేనమామ సంబంధాలు చూస్తున్నాడు. మానేయాలా, ఏప్రిల్ దాకా పంటి బిగువున ఉండాలా అని ప్రశ్న.

ఉత్తరం చివర, సంతకం కింద, ఇంకు మారిన అక్షరాల్లో రెండు లైన్లు ఉన్నాయి. "మేడమ్, బీఈడీలో ఇంటర్న్‌షిప్‌కి నేను నిజానికి పోలేదు. డబ్బు కడితే కాలేజీ వాళ్లే చూసుకున్నారు. ఈ మాట ఎవరికీ చెప్పలేదు."

అమ్మా, ముందు నువ్వు అడగని సంగతి ఒకటి చెప్తాను, అది ఈ వారంలోనే తేల్చుకోవాలి కాబట్టి. రెండో పేజీలో "ఒరిజినల్స్ ఆఫీసులో ఇచ్చేశాను" అని మాటల మధ్యలో రాసి వెళ్లిపోయావు. అక్కడ నేను ఆగిపోయాను. డిగ్రీ, బీఈడీ ఒరిజినల్ సర్టిఫికెట్లు స్కూలు వాళ్ల బీరువాలో ఉంటే నువ్వు ఉండాలా పోవాలా అనేది నీ చేతిలో లేనట్టే లెక్క. రేపు డీఎస్సీలో సెలెక్ట్ అయితే సర్టిఫికెట్ వెరిఫికేషన్‌కి జిరాక్సులు సరిపోవు. పరిశీలనకి చూపించొచ్చు, ఎదురుగా సరిచూసుకుని జిరాక్స్ సెట్టు ఉంచుకోమనొచ్చు, అంతవరకే. ఆఫీసుకి పోయి మర్యాదగా, కాగితం మీద రాసిచ్చి వెనక్కి అడుగు. వేరే ఉద్యోగానికి దరఖాస్తు కోసం అని చెప్పకు, బ్యాంకు పనికో ఇంకో పనికో అని అబద్ధమూ చెప్పకు. "నా సర్టిఫికెట్లు నా దగ్గర ఉంచుకోవాలనుకుంటున్నాను" అంటే చాలు. ఇవ్వం అంటే, ఎందుకు ఉంచుకున్నారో వాళ్లనీ రాసిమ్మను. ఆ సమాధానాన్ని బట్టి ఈ బడి ఎలాంటిదో నీకు సగం తెలిసిపోతుంది. అవి చేతికొచ్చేదాకా మానేస్తానన్న మాట స్టాఫ్ రూమ్‌లో ఎవరితోనూ అనకు, చాయ్ దగ్గర అసలే అనకు.

ఇప్పుడు ఏడో తరగతి.

నేను కడప జిల్లాలో ముప్పై ఏళ్లు జిల్లా పరిషత్ హైస్కూళ్లలో లెక్కలు చెప్పి రిటైరయ్యాను, కాబట్టి ఈ విషయంలో నిన్ను బుజ్జగించలేను. ఆ రోజు నువ్వు తప్పు చెప్పావు. "కలిస్తే" అన్న మాట దగ్గరే తప్పు. పిల్లోడికి కలవడం అంటే కూడడం, వాడి తెలుగు సరిగ్గానే ఉంది, నీ సూత్రమే సరిగ్గా లేదు. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు, ఈ డబ్బా సూత్రం మన జిల్లాల్లో ప్రతి బడిలోనూ వినిపిస్తుంది, నేనూ మొదటి మూడు నాలుగేళ్లు ఇదే చెప్పాను. నా దగ్గర చదివి పది పాసైన పిల్లలు ఇంటర్‌లోకి పోయాక కూడా −3 −4 అంటే 7 అని రాస్తుంటే అప్పుడర్థమైంది. నీకు రెండు నెలల్లోనే తెలిసింది, ఎందుకంటే వెనక ఒక మనిషి కూర్చుంది. నాకు చెప్పేవాళ్లు లేక నాలుగేళ్లు పట్టింది.

కానీ మేడమ్ చేసింది కూడా తప్పే. పాఠం చెప్తున్న మనిషి చేతిలోంచి చాక్‌పీస్ తీసుకోవడమంటే నలభై మంది ముందు ఆమెను పక్కన నిలబెట్టినట్టు. పిల్లలు పుస్తకంలో తప్పు ఎక్కించుకుంటున్నప్పుడు ఆపాల్సిందే, కాదనను. ఆపే తీరు వేరే ఉంది. వెనక బెంచీ నుంచే చెయ్యెత్తి "మిస్, నాకొక డౌటు, మూడు మెట్లు కిందికి దిగి మళ్లీ నాలుగు మెట్లు కిందికే దిగితే నేనెక్కడ ఉంటాను?" అని అడిగుంటే నువ్వు అందుకునేదానివి, పిల్లలు నవ్వేవాళ్లు, పాఠం నీ చేతిలోనే ఉండేది.

నువ్వు చేసిన తప్పూ, ఆమె చేసిన తప్పూ రెండూ ఒకే పదిహేను నిమిషాల్లో జరిగేసరికి నీ మనసులో ముడిపడిపోయాయి. ఆమె అవమానించింది కాబట్టి ఆమె చెప్పింది వినబుద్ధి కావడం లేదు, నీది తప్పు కాబట్టి ఆమెను ఎదురడగడానికి నోరు రావడం లేదు. ముడి విప్పు. లెక్క సంగతి లెక్కగా చూడు, మర్యాద సంగతి విడిగా మాట్లాడు.

లెక్క సంగతికి వస్తే, నీకు మీ ఇంట్లోనే పాఠం ఉంది తల్లీ. మీ నాయన మూడు బోర్లు వేయించాడని, రెండింట్లో చుక్క పడలేదని రాశావు. ఆ క్లాసులో సగం మంది పిల్లల ఇళ్లలో ఇదే కథ ఉంటుంది. నేల మట్టం సున్నా. 400 అడుగుల దగ్గర నీళ్లు పడ్డ బోరు −400. 900 దాకా దింపినా దుమ్మే లేచిన బోరు −900. ఏది పెద్ద సంఖ్య అని అడుగు. 900 అంటారు, ఖచ్చితంగా అంటారు, ఇంట్లో ఆ ఖర్చు చూసిన పిల్లలు కాబట్టి. అననీ. తర్వాత "ఏది పైన ఉంది?" అని అడుగు. అప్పుడు క్లాసులో ఒక నిశ్శబ్దం వస్తుంది, దాన్ని తొందరపడి నింపకు. ఇక గుణకారం. నీటి మట్టం నెలకు మూడు అడుగులు దిగుతోందనుకో, అది −3. నాలుగు నెలల కిందట అంటే −4. అప్పుడు నీళ్లు ఇప్పటికన్నా ఎంత పైన ఉండేవి? పన్నెండు అడుగులు పైన. ఏ డబ్బా గీయకుండానే వచ్చేసింది ప్లస్. డబ్బా తర్వాత గీసుకోవచ్చు, పరీక్షలకి కావాలి కదా.

ఇది వచ్చే సోమవారం బీ సెక్షన్‌లో చెప్పి చూడు. సెక్షన్లు రెండున్నాయని రాశావు, అది నీకు దొరికిన అదృష్టం. బీఈడీలో మైక్రో టీచింగ్ బిట్టు బట్టీ పట్టుంటావు: బోధన 6 నిమిషాలు, ఫీడ్‌బ్యాక్ 6, మళ్లీ ప్లాన్ 12, మళ్లీ బోధన 6, మళ్లీ ఫీడ్‌బ్యాక్ 6, మొత్తం 36. మార్కుల కోసం చదివాం కాబట్టి దాని రుచి మనకు తెలియదు. ఈ రోజు 'ఏ' సెక్షన్‌లో చెడిపోయిన పాఠాన్ని రేపు బీ సెక్షన్‌లో బాగు చేసుకోవడమే అది. మామూలు స్కూల్లో రోజుకు ఏడు పీరియడ్లు లాగే టీచరుకి ఆ మధ్యలో పన్నెండు నిమిషాల ప్లాన్ టైమ్ ఎక్కడిది?

నా సంగతి ఒకటి చెప్తాను. మా రోజుల్లో బీఈడీ ఒక్క ఏడాదే. ప్రొద్దుటూరులో ఒక బళ్లో టీచింగ్ ప్రాక్టీస్ వేశారు. లెసన్ ప్లాన్ రికార్డు చాలా అందంగా రాసేదాన్ని, ఎర్ర ఇంకు, పచ్చ ఇంకు, అంచులు గీసి. మా లెక్చరర్ గారు ఒక రోజు వచ్చి వెనక కూర్చున్నారు. ముప్పావు గంట తడబడకుండా చెప్పాను. ప్రశ్నలడిగాను, పిల్లలు టకటకా చెప్పారు. దిగిపోయేటప్పుడు నా రికార్డులో ఆయన ఒక్కటే లైను రాశారు. "మూడో వరుసలో ఎవరున్నారు?" నాకు తెలీదు. నిజంగా తెలీదు. ప్రశ్నలన్నీ ముందు వరుసలో ముగ్గురినే అడిగాను, మిగతా సేపంతా ఆయన ముఖం చూస్తూ చెప్పాను. మర్నాడు మూడో వరుసకి పోయి చూస్తే అక్కడ ఒక పిల్లోడు నోట్సులో అచ్చం నా బోర్డు మాదిరే అన్నీ దించాడు, అంకెలు మాత్రం తలకిందులు. ఆరేడు వారాలుగా ఆ క్లాసుకి పోతున్నాను నేను.

నీ ఉత్తరం మళ్లీ చదువుకో, కాపీ ఉంటే. నాలుగు పేజీల్లో మేడమ్ ఎక్కడ కూర్చుంటుంది, ఎట్లా చూస్తుంది, ఎప్పుడు పెన్ను తీస్తుంది, అన్నీ ఉన్నాయి. 7 అన్న పిల్లోడి పేరు లేదు. నాకు రాయక్కర్లేదు, నీకు తెలుసా?

ఇప్పుడు సంతకం కింది లైన్లు.

నువ్వొక్కదానివే కాదు, నీకూ తెలుసు. 2015 నుంచి బీఈడీ రెండేళ్లయింది, అందులో 20 వారాలు బళ్లో ఇంటర్న్‌షిప్ ఉండాలని, దానికి 90 శాతం హాజరు కావాలని టీచరు చదువుల నియమాలు పెట్టే జాతీయ మండలి ఎన్‌సీటీఈ నిబంధన. క్లాసులకైతే 80 శాతమే. ఇంటర్న్‌షిప్‌కి ఎక్కువ పెట్టారంటే అసలు చదువు అదేనని వాళ్ల లెక్క. కాగితం మీద ఆ 90 నీకు వచ్చేసింది. డబ్బు తీసుకుని సంతకాలు పెట్టించిన కాలేజీది పెద్ద తప్పు, ఇరవై మూడేళ్ల పిల్లవి, ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆగితే ఎట్లా అని భయపడ్డావు, అదీ అర్థమైంది. కానీ చేతుల వణుకు ఎక్కడి నుంచి వస్తోందో నాకు అక్కడ కనిపించింది. ఆ మేడమ్ నోట్‌బుక్‌లో నీ డబ్బా సూత్రం గురించి రాస్తుందని నీకు భయం లేదు. "ఈమె ఇదివరకు బడి ముఖమే చూడలేదు" అని రాస్తుందేమోనని భయం. దొరికిపోతానని భయం.

దొరకవు. ఎందుకంటే నువ్వు కట్టకుండా ఎగ్గొట్టిన ఆ 20 వారాలనే ఇప్పుడు కడుతున్నావు, వడ్డీతో. మొదటి ఏడాది ఏ టీచరుకైనా చేతకానివే నీకూ చేతకావడం లేదు. ఆమెకు ఈ సంగతి చెప్పాలా అంటే, చెప్పక్కర్లేదు. "నాకు క్లాసులో అనుభవం చాలా తక్కువ మేడమ్, మొదట్నుంచి నేర్పించండి" అన్న మాట నిజమే, దానికి వెనక కథ అక్కర్లేదు. కాకపోతే ఎవరైనా సూటిగా అడిగితే అబద్ధం మాత్రం కట్టొద్దు.

6, 7, 8 తరగతుల గురించి కాస్త ఎక్కువ చెప్పనీ, నువ్వు అది తక్కువ మెట్టు అనుకుంటున్నట్టుంది. "హైస్కూల్ ఇవ్వలేదు, చిన్న క్లాసులే ఇచ్చారు" అని రాశావు. నా సర్వీసులో నన్ను బాగా తిప్పలు పెట్టింది పదో తరగతి కాదు, ఏడు. పదో తరగతికి పబ్లిక్ పరీక్ష ఉంటుంది, భయం దానంతటదే పని చేస్తుంది. ఒకటో తరగతి పిల్లలు చెప్పిందల్లా వింటారు. ఏడో తరగతి పిల్లోడు నిన్నటిదాకా చెయ్యెత్తి, ఇవాళ గొంతు మారిందని నోరు విప్పడు. ఆడపిల్ల నెలకు రెండు మూడు రోజులు రాదు, ఎందుకు రాలేదని క్లాసులో అందరి ముందూ అడిగితే ఆ ఏడాదంతా నీతో మాట్లాడదు. అయిదో తరగతి దాకా ఒకరిద్దరు టీచర్లతో గడిపిన పిల్లలు ఆరుకి రాగానే గంట గంటకీ ఒక కొత్త ముఖం. లెక్కల్లో మామిడి పళ్లు, గోలీలు పోయి సున్నాకి కింద సంఖ్యలు, x, y వస్తాయి. టెట్ పేపర్ 2 కోసం పిల్లల ఆలోచన ఎట్లా ఎదుగుతుందో చెప్పిన పియాజే గురించి చదివావు కదా, పదకొండేళ్ల నుంచి అమూర్త ప్రచాలక దశ, అంటే కంటికి కనిపించని వాటి గురించి కూడా ఆలోచించగలిగే దశ అని బిట్టు. ఆ బిట్టు నడిచొచ్చి నీ ముందు నిలబడి "రెండూ మైనస్‌లే కదా మిస్" అంది. అందరికీ ఒకే పుట్టినరోజుకి ఆ దశ రాదు, క్లాసులో కొందరు దాటేసుంటారు, కొందరు గోలీల దగ్గరే ఉంటారు. ఇద్దరికీ కలిపి ఒక్క పీరియడ్. ఇది చిన్న క్లాసా?

అందుకే కొన్ని దేశాల్లో ఈ తరగతుల టీచర్లను విడిగానే తయారు చేస్తారు. మా చెల్లెలి కోడలు అమెరికాలో జార్జియా రాష్ట్రంలో టీచరు చదువు చదివింది. అక్కడ 4 నుంచి 8 తరగతులకు మిడిల్ గ్రేడ్స్ అని వేరే సర్టిఫికెట్టే ఉంది. ఆమె ఆఖరి ఏడాదంతా ఒకే బళ్లో, ఒకే టీచరు దగ్గర గడిపింది. మొదట చూడటమే, తర్వాత ఆమెతో కలిసి చెప్పడం, ఆపైన కొన్ని వారాలు క్లాసంతా ఈమె చేతికి, చివర్లో మళ్లీ నెమ్మదిగా అప్పగించి రావడం. ఫోన్లో వాళ్ల మెంటర్ గురించి ఈ పిల్ల ఏడ్చిన ఏడుపు నీ ఉత్తరం కంటే పొడుగు. అక్కడైనా ఇక్కడైనా ఒకే గదిలో ఇద్దరు టీచర్లుంటే రాపిడి ఉంటుంది.

ఏడాది ఎందుకు, ఆ 20 వారాలు చాలవా అంటావేమో. జూన్‌లో పిల్లలు నిన్ను పరీక్షిస్తారు. దసరా దాటాక ఊరుకుంటారు. శనక్కాయలు పీకడం అయ్యాక కొన్ని ఇళ్లు బెంగళూరు బస్సెక్కుతాయి, హాజరు పట్టీలో గీతలు పడతాయి, ఆ పిల్లలు మధ్యలో తిరిగొస్తే ఎక్కడ నుంచి మొదలుపెట్టాలో ఏ లెసన్ ప్లాన్‌లోనూ ఉండదు. సంక్రాంతి తర్వాత సిలబస్ టెన్షన్. మార్చి వచ్చేసరికి, ఆగస్టులో నీకు చెమటలు పట్టించిన పిల్లోడే పక్కవాడికి లెక్క చెప్తుంటాడు. ఇంతవరకూ నువ్వు చూసింది ఈ ఏడాదిలో కష్టమైన సగమే. ఇలా అన్నానని ఉండిపొమ్మంటున్నానని అనుకోకు.

మేడమ్‌తో మాట్లాడ్డం గురించి మాత్రం గట్టిగా చెప్తాను, ఎందుకంటే నువ్వు ఉన్నా పోయినా అది చేయాలి. పీరియడ్ అయిన వెంటనే వద్దు, స్టాఫ్ రూమ్‌లో వద్దు. ఇద్దరికీ ఖాళీ పీరియడ్ ఉన్న రోజు చూసుకుని, ముందురోజే "మేడమ్, రేపు పది నిమిషాలు కావాలి" అని అడుగు. మొదట ఆ నోట్‌బుక్ చూపించమను. నాకు తెలిసినంతలో అందులో నువ్వనుకున్నంత భయంకరమైనవేమీ ఉండవు, "బోర్డు ఎడమ వైపు కనిపించడం లేదు", "ప్రశ్న అడిగి తనే జవాబు చెప్పేసింది", ఇలాంటివే ఉంటాయి. తర్వాత ఆగస్టు సంగతి. "ఆ రోజు మీరు చెప్పిన లెక్క సరైనదే మేడమ్, కానీ చాక్‌పీస్ తీసుకునేసరికి పిల్లల ముందు నాకు చాలా చిన్నతనమైంది. ఇకమీదట తప్పు పోతే వెనక నుంచి ప్రశ్న అడగండి, నేను అందుకుంటాను" అను. ఏడవకు. ఏడుపొస్తే రానీ, మాట మాత్రం పూర్తి చెయ్యి. ఇంకోటి అడుగు: పాఠానికి ముందు అయిదు నిమిషాలు, తర్వాత అయిదు నిమిషాలు కూర్చోమని, వారానికి నాలుగుసార్లు కుదరకపోతే రెండుసార్లయినా. ముందు మాట్లాడుకోకుండా, తర్వాత చూపించకుండా ఊరికే వెనక కూర్చుని రాసుకుంటే నీకు అందులో నేర్పింది ఏముంది?

ఆమె సరేనంటే, నీ మిగతా నెలలు వేరేగా ఉంటాయి. ఆమె "నేను ఇట్లాగే చేస్తాను, ఇష్టముంటే ఉండు" అంటే, అదీ ఒక జవాబే. అప్పుడు హెచ్ఎం దగ్గరికి పోయి మెంటర్‌ని మార్చమని అడగొచ్చు, మార్చకపోతే పోవడానికి నీకు సరైన కారణం దొరికినట్టే. చేతుల వణుకు కారణంగా పోవడం వేరు, నేర్పడం లేదని పోవడం వేరు.

నంద్యాల గురించి. కోచింగ్‌ని నేను తీసిపారేయను, అక్కడ చదివి ఉద్యోగాలొచ్చిన పిల్లలు నాకు తెలుసు. కానీ ఒక్కటి గుర్తుపెట్టుకో. 2018 డీఎస్సీ తర్వాత 2024లో ఒక నోటిఫికేషన్ వచ్చి రద్దయింది, భర్తీ దాకా వెళ్లింది 2025 మెగా డీఎస్సీ, 16,347 పోస్టులు. అంటే మధ్యలో ఏడేళ్లు. ఆ ఏళ్లలో హాస్టల్ గదుల్లో కూర్చుని ప్రిపేరవుతూ ముప్పై దాటిన పిల్లల ముఖాలు నాకింకా గుర్తున్నాయి. నోటిఫికేషన్ చేతికొచ్చాక రెండు మూడు నెలలు అన్నీ పక్కనపెట్టి కూర్చోవడం ఒక పద్ధతి, నోటిఫికేషన్ లేకుండా సంపాదన ఆపేసి కూర్చోవడం ఇంకో పద్ధతి. రెండోదానికి హాస్టల్ ఫీజు, కోచింగ్ ఫీజు, పైగా ఇంటికి పంపే 3,000 ఆగిపోవడం. మీ నాయన అప్పు అప్పుడు ఎవరు చూస్తారు, అది ముందు తేల్చుకో. రెండు మార్కుల్లో పోయినదానికి మొత్తం సిలబస్ మళ్లీ చదవాల్సిన పనీ లేదు. డీఎస్సీ వంద మార్కుల్లో 20 టెట్ మార్కుల నుంచే కలుస్తాయి కదా, టెట్ మళ్లీ రాసి అక్కడ పెంచుకోవచ్చేమో లెక్క వేసి చూడు. మెథడాలజీ, సైకాలజీ బిట్లు ఇప్పుడు నీకు రోజూ కళ్ల ముందు జరుగుతున్నవే. ఉదయం అయిదింటికి లేచి గంటన్నర కంటెంట్ చదివితే ఈ ఇంటర్న్‌షిప్‌తో పాటే నడుస్తుంది, కష్టమే, నడుస్తుంది.

15,000 స్కూలు. జనవరి నుంచి ఏప్రిల్ దాకా మహా అయితే నాలుగు నెలలు, నెలకు 6,000 ఎక్కువ, మొత్తం 24,000. తక్కువేం కాదు, మీ నాయన కట్టే వడ్డీ ఎనిమిది నెలలకి సరిపోతుంది. వడ్డీ కట్టలేక ఇంట్లో ఇబ్బందిగా ఉంటే పో, ఎవరికీ సంజాయిషీ ఇవ్వక్కర్లేదు. పోయేముందు మూడు అడుగు: రోజుకు ఎన్ని పీరియడ్లు, అడ్మిషన్ల కోసం వేసవిలో ఇంటింటికీ తిప్పుతారా, ఒరిజినల్స్ అడుగుతారా. సంవత్సరం మధ్యలో టీచర్ని వెతుకుతున్నారంటే మధ్యలో ఎవరో మానేశారు. ఎందుకు మానేశారో ఆ పోయిన మనిషినే అడగగలిగితే ఇంకా మంచిది. అక్కడ వెనక బెంచీలో ఎవరూ కూర్చోరు, చేతులు వణకవు. "రెండు మైనస్‌లు కలిస్తే ప్లస్" అని పదేళ్లు చెప్పినా ఎవరూ లేచి రారు.

పెళ్లి సంబంధాల గురించి నువ్వు ఒక్క లైనే రాశావు, నేనూ ఒక్క లైనే రాస్తాను: ఈ ఏడాది పూర్తయ్యేదాకా ఆగమని మామయ్యకి నువ్వే చెప్పు, అమ్మ చేత చెప్పించకు.

నాయనకి ఏం చెప్పాలంటావా. "బోరు వేసేముందు పాయింట్ చూసేవాణ్ణి పిలుస్తావు కదా నాయనా, నాకూ ఒక మనిషి చూసి చెప్తా ఉంది" అని చూడు. మొన్న చూసినవాడు రెండుసార్లు తప్పు చెప్పాడు కాబట్టి ఈ పోలిక ఆయనకి నచ్చకపోవచ్చు, నవ్వైనా నవ్వుతాడు.

సమ్మేటివ్ పేపర్లు దిద్దడం అయ్యాక మేడమ్‌తో మాట్లాడు, అంతకుముందు ఆమెకూ తీరిక ఉండదు. మాట్లాడి రెండు వారాలు చూసి అప్పుడు నిర్ణయం తీసుకో, సంక్రాంతికి ఇంకా టైముంది. ఒరిజినల్స్ చేతికొచ్చాయో లేదో నాకు రాయి. బీ సెక్షన్‌లో −400 పెద్దదా −900 పెద్దదా అని అడిగినప్పుడు ఎవరేమన్నారో కూడా రాయి, ఈసారి పిల్లల పేర్లతో. పేర్లు నేను ఎక్కడా వేయనులే.